ఉర్రాకా రాణి కాపురం ఎందుకు కూలింది?

ప్రశ్న: పన్నెండో శతాబ్దంలో, ఇప్పటి స్పెయిన్‌లోని పక్కపక్క రాజ్యాలైన లియోన్-కాస్టీల్, ఆరగాన్‌లలో, లియోన్-కాస్టీల్ రాణి ఉర్రాకాకూ ఆరగాన్ రాజు మొదటి ఆల్ఫోన్సోకూ పెళ్ళి ఎందుకు చెడింది? అతను ఆమెను కొట్టేవాడని ఒకచోట, ఆమె నడవడి మంచిది కాదని మరొకచోట చదివాను. ఏది నమ్మాలి? ఆ కాపురం నిలిచి ఉంటే స్పెయిన్ మూడున్నర శతాబ్దాల ముందే ఏకమై ఉండేదా?

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తాను. కొట్టాడన్న మాట నమ్మదగినదే. నడవడి మాట ఎవరు రాశారో, ఎవరి జీతం మీద రాశారో చూసుకుని చదవాలి. అయితే ఈ రెండింటిలో ఏదీ ఆ కాపురం కూలడానికి అసలు కారణం కాదు. ఆ పెళ్ళి పత్రంలోనే మరో నాలుగు పక్షాల హక్కులకు ఎసరు పెట్టే షరతులు ఉన్నాయి. ఆ పక్షాల వెనక సైన్యాలు ఉన్నాయి. మొగుడూ పెళ్ళాలు ఎంత అన్యోన్యంగా ఉన్నా ఆ పెళ్ళి నిలిచేది కాదని నా అభిప్రాయం. వాళ్ళు అన్యోన్యంగా లేరన్నది వేరే సంగతి.

చదివేవాళ్ళను మొదట తికమక పెట్టేది పేర్లు. ఉర్రాకా తండ్రి పేరు ఆల్ఫోన్సో, రెండో భర్త పేరు ఆల్ఫోన్సో, కొడుకు పేరూ ఆల్ఫోన్సోయే. చాలదన్నట్టు చెల్లెలి కొడుకు కూడా ఆ పేరువాడే. పోర్చుగల్ తొలి రాజయ్యింది అతనే. అందుకని ఇక్కడ తండ్రిని ఆరో ఆల్ఫోన్సో అని, భర్తను ఆరగాన్ రాజు అని, కొడుకును పిల్లవాడు అని రాస్తాను. కథ మొదలైనప్పుడు అతను నిజంగానే పిల్లవాడు, 1105లో పుట్టాడు.

ఆరో ఆల్ఫోన్సో 1085లో తొలేదోను ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నవాడు. మరుసటి ఏడాదే ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం రాజవంశంవాళ్ళు, అల్మొరావిద్‌లు, అతన్ని జల్లాఖా దగ్గర చిత్తుగా ఓడించారు. అప్పటి నుంచి చనిపోయేదాకా అతనికి రెండే దిగులు: దక్షిణ సరిహద్దు, మగపిల్లవాడు. పెళ్ళాడిన భార్యల్లో ఎవరికీ బతికి బట్టకట్టిన కొడుకు లేడు. సెవిల్ నుంచి ఆశ్రయం కోరి వచ్చిన రాచకుటుంబపు ముస్లిం స్త్రీ జైదా ద్వారా ఒక్క కొడుకు కలిగాడు, సాంచో. అతన్నే వారసుడిగా నిలబెట్టాడు. 1108 మే నెలలో ఉక్లేస్ యుద్ధంలో ఆ కుర్రవాడు అల్మొరావిద్‌ల చేతిలో చనిపోయాడు. రాజ్యంలోని పెద్ద పెద్ద కౌంట్లు, అంటే రాజు కింద ప్రాంతాలను ఏలే ప్రభువులు, కొందరు కూడా అతనితోపాటే పోయారు.

అలా సింహాసనం పెద్ద కూతురు ఉర్రాకా దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమె విధవరాలు. చిన్నతనంలోనే బర్గండీ నుంచి వచ్చిన రేమండ్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. తండ్రి ఆ దంపతులకు వాయవ్య మూలనున్న గలీసియాను అప్పగించాడు. 1107 సెప్టెంబరులో రేమండ్ చనిపోయాడు. సాంచా అనే కూతురు, మనం పిల్లవాడు అంటున్న కొడుకు మిగిలారు. ఆ ఏడాది డిసెంబరులో ఆరో ఆల్ఫోన్సో గలీసియా పెద్దల చేత ఒక ప్రమాణం చేయించాడు: ఉర్రాకా మళ్ళీ పెళ్ళి చేసుకుంటే గలీసియా ఆమె కొడుక్కి చెందాలి. అప్పట్లో సాంచో బతికే ఉన్నాడు కాబట్టి అది ఒక ప్రాంతపు ఏర్పాటు మాత్రమే. ఆర్నెల్లు తిరగకుండా సాంచో పోవడంతో ఆ ప్రమాణం రాజ్యం మొత్తానికి మందుపాతరగా మారింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, తరువాత జరిగినవాటిలో సగం దీని నుంచే వచ్చాయి.

కొత్త వారసురాలికి పెళ్ళి చేయాలి. అప్పటి వాళ్ళ ఆలోచనలో ఆడది సింహాసనం మీద కూర్చోవచ్చు గానీ సైన్యాన్ని నడపడానికి మగవాడు కావాలి. కాస్టీల్ కౌంట్లలో చాలామంది తమలో ఒకడైన గోమెస్ గోన్సాలెస్‌ను ప్రతిపాదించారు. ఒక కౌంటు రాజైతే మిగతా కౌంట్లు ఊరుకోరని ఆరో ఆల్ఫోన్సోకు తెలుసు. పక్క రాజ్యం రాజు, సరిహద్దు యుద్ధాల్లో ఆరితేరినవాడు, నలభైకి దగ్గరపడుతున్నా పెళ్ళి కానివాడు ఒకడున్నాడు. ఆరగాన్‌నూ నవార్రానూ కలిపి ఏలుతున్న మొదటి ఆల్ఫోన్సో. తరువాతి తరాలు అతన్ని ‘ఎల్ బతాయదోర్’, అంటే సమరశూరుడు అని పిలిచాయి. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి సంబంధం లేదు. 1109 జూలై మొదటి రోజుల్లో ముసలి రాజు తొలేదోలో కన్నుమూశాడు. ఆ నెలలోనే ఉర్రాకా ‘స్పెయిన్ అంతటికీ రాణి’ అన్న బిరుదుతో శాసనపత్రాలు జారీ చేయడం మొదలుపెట్టింది. పెళ్ళి మాత్రం అదే ఏడాది శరదృతువులో, పాలెన్సియా దగ్గర మోన్సోన్ కోటలో జరిగింది. సహగూన్ మఠంలో కూర్చుని ఆ కాలపు సంగతులు రాసుకున్న సన్యాసి, పెళ్ళినాటి రాత్రే మంచు పడి ద్రాక్ష పంట పాడైపోయిందని రాశాడు. ముహూర్తం మంచిది కాదని అనుకోవడానికి మనవాళ్ళే కానక్కర్లేదు.

ఈ తేదీల వరస చూడండి. జూలైలో రాణి, శరదృతువులో భార్య. ఆమెకు అధికారం వచ్చింది భర్త వల్ల కాదు, తండ్రి రక్తం వల్ల. యూరప్ మధ్యయుగంలో ‘రాణి’ అన్న పేరున్నవాళ్ళలో నూటికి తొంభైమంది రాజుల భార్యలు. ఉర్రాకా వాళ్ళలో లేదు. ఆమె తనంతట తాను ఏలిక. మొగుడికి ఈ తేడా అర్థం కాలేదో, అర్థమైనా ఒప్పుకోలేదో గానీ పెళ్ళయిన మర్నాటి నుంచి తగాదా అంతా ఇక్కడే.

డిసెంబరులో ఇద్దరూ రాసుకున్న ఒప్పందం ఉంది. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ పత్రమే. ఆరగాన్ రాజు తన కోటలు కొన్ని ఆమెకు ఇస్తాడు, ఆమె తన భూములు అతనికి అప్పగిస్తుంది. ఇద్దరికీ కొడుకు పుడితే రెండు రాజ్యాలూ ఆ కొడుక్కే. ఆమెను గౌరవంగా చూసుకుంటానని అతను మాట ఇస్తాడు. దగ్గరి బంధుత్వం ఉందన్న కారణంతో గానీ, మతం నుంచి వెలివేస్తారన్న భయంతో గానీ ఆమెను విడిచిపెట్టనని కూడా రాసి ఇస్తాడు. పెళ్ళినాడే ఇలాంటి మాట రాయించుకున్నారంటే బంధుత్వం గొడవ వస్తుందని అందరికీ ముందే తెలుసన్నమాట. ఆమె తరఫున ఆ పత్రం రాయించినవాళ్ళు తెలివైనవాళ్ళు. పెళ్ళి ఎక్కడ తెగుతుందో పసిగట్టి అక్కడే ముడి వేశారు. తెగింది కూడా సరిగ్గా అక్కడే.

ఆ బంధుత్వం ఏమిటి? నవార్రా రాజు మూడో సాంచో 1035లో చనిపోయాడు. అతని ఒక కొడుకు ఫెర్నాందో, అతని కొడుకు ఆరో ఆల్ఫోన్సో, అతని కూతురు ఉర్రాకా. మూడో సాంచోకు పెళ్ళికి బయట పుట్టిన మరో కొడుకు రమీరో, అతని కొడుకు సాంచో రమీరెస్, అతని కొడుకు మన ఆరగాన్ రాజు. ఇద్దరూ ఒకే ముత్తాతకు మునిమనవలు, అదీ రెండు వైపులా మగ సంతతిలో. మేనరికాలు చేసుకునే మనకు కాథలిక్ చర్చి నిషేధాలు అతిగా కనిపిస్తాయి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు కూడా వాళ్ళకు నిషిద్ధమే. కానీ ఈ సంబంధాన్ని మన వరసల్లో పెట్టి చూసినా చిక్కే. వాళ్ళ తాతలు అన్నదమ్ములు, తండ్రులు అన్నదమ్ముల బిడ్డలు, కాబట్టి వీళ్ళు వరసకు అన్నాచెల్లెళ్ళు. ఏ పల్లెటూరి పెద్దమ్మను అడిగినా పెదవి విరిచేసేది.

అయితే ఇక్కడ తొందరపడకండి. ఇంత దగ్గరి బంధుత్వంలో పెళ్ళిళ్ళు చేసుకున్న రాజులు యూరప్ అంతటా ఉన్నారు. ఎవరికీ నష్టం లేకపోతే చర్చి చూసీ చూడనట్టు ఉండేది. ఈ పెళ్ళి విషయంలో కళ్ళు విప్పార్చి చూడడానికి తొలేదో ఆర్చిబిషప్ బెర్నార్ కారణం. అతను ఫ్రాన్సు నుంచి వచ్చిన సన్యాసి, అక్కడి క్లూనీ మఠం సంప్రదాయంవాడు. రేమండ్‌తోపాటు ఆరో ఆల్ఫోన్సో కొలువులో పాతుకుపోయిన బర్గండీ వర్గం బెర్నార్‌కు తనవాళ్ళు. ఆరగాన్ రాజు పెత్తనం వస్తే ఆ వర్గం పలుకుబడి పోతుంది. పోప్ రెండో పాస్కల్ కూడా ఈ పెళ్ళి చెల్లదన్నాడు. ఆరగాన్ రాజు జవాబుగా బెర్నార్‌ను అతని పీఠం నుంచే తరిమేశాడు.

ఇక నష్టపోయేవాళ్ళ జాబితా చూద్దాం. మొదటివాడు ఆ నాలుగేళ్ళ పిల్లవాడు. అమ్మకు కొత్త భర్త ద్వారా కొడుకు పుట్టాడా, అంతటితో అతని పని అయిపోయినట్టే. అతన్ని పెంచుతున్న గలీసియా కౌంట్ పెద్రో ఫ్రోయిలాస్‌కు తాతగారి ప్రమాణం బాగా గుర్తుంది: రాణి మళ్ళీ పెళ్ళి చేసుకుంది, కాబట్టి గలీసియా పిల్లవాడిది. గలీసియాలోని పుణ్యక్షేత్రం కంపోస్టెలాకు బిషప్ అయిన దియేగో హెల్మీరెస్ మొదట అటూ ఇటూ ఊగాడు, చివరికి పిల్లవాడి పక్షాన చేరాడు. రెండో జంట ఉర్రాకా చెల్లెలు తెరేసా, ఆమె భర్త హెన్రీ. ఆరో ఆల్ఫోన్సో వాళ్ళకు పోర్చుగల్ ప్రాంతాన్ని ఇచ్చాడు. తెరేసా ఉంపుడుగత్తె కూతురు. అయినా అక్కకు ఉన్నదానిలో వాటా రావాలన్నది ఆ దంపతుల పట్టుదల. మూడోవాళ్ళు కాస్టీల్ కౌంట్లు. తమ కోటల్లో ఆరగాన్ సైనికులు కాపలా ఉండడం వాళ్ళు సహించలేకపోయారు. నాలుగు, చర్చి.

1110లో దంపతులిద్దరూ కలిసి గలీసియా తిరుగుబాటును అణచడానికి వెళ్ళారు. మోంతెర్రోసో కోట లొంగిపోయింది. అక్కడ జరిగిన ఒక సంఘటనను సహగూన్ సన్యాసి నమోదు చేశాడు. ప్రాదో అనే గలీసియా యోధుడు ప్రాణం కాపాడమని రాణి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె అతన్ని తన పైవస్త్రం కింద దాచుకుంది. రాణి వస్త్రం నీడలోకి వచ్చాడంటే అభయం దొరికినట్టే. ఆరగాన్ రాజు లెక్కచేయకుండా ఆమె కళ్ళ ముందే అతన్ని ఈటెతో పొడిచి చంపేశాడు. ఉర్రాకా అక్కడి నుంచి లియోన్‌కు తిరిగి వచ్చేసింది.

చంపడం ఆ కాలంలో పెద్ద విశేషం కాదు. ఇక్కడ అసలు విషయం ఎవరి అభయాన్ని ఎవరు తుడిచేశారన్నది. గలీసియా ఆమె తండ్రి రాజ్యం. ఆ యోధుడు ఆమె ప్రజ. క్షమించాలా శిక్షించాలా అన్న నిర్ణయం ఏలికది. అంతమంది కౌంట్లు, సైనికులు చూస్తుండగా ఆ హక్కు తనదని భర్త తేల్చి చెప్పాడు. ఆమె ఊరుకుని ఉంటే ఆ రోజు నుంచి రాజు భార్యగా మిగిలిపోయేది.

ఇప్పుడు కొట్టడం సంగతి. హెల్మీరెస్ రాయించిన ‘హిస్టోరియా కంపోస్టెలానా’ అనే గ్రంథంలో ఉర్రాకా ఒక కౌంటుతో తన బాధ చెప్పుకునే భాగం ఉంది. పెద్దల ఒత్తిడి మీదే ఈ పెళ్ళి చేసుకున్నానని, భర్త నోటికొచ్చినట్టు తిట్టేవాడని, ముఖం మీద చేత్తో కొట్టాడని, కాలితో తన్నాడని ఆమె చేత చెప్పించారు. ‘చెప్పించారు’ అని కావాలనే అంటున్నాను. మధ్యయుగ చరిత్రకారులు పాత్రల చేత ప్రసంగాలు చేయించడం మామూలు. ఆ మాటలు అక్షరాలా ఆమెవే అనుకోనక్కర్లేదు. పైగా హెల్మీరెస్ వర్గానికి ఆరగాన్ రాజును రాక్షసుడిగా చూపించడం అవసరం.

మరి ఎందుకు నమ్మదగినదంటున్నాను? ఆ గ్రంథానికి ఉర్రాకా మీద ప్రేమేమీ లేదు. వీలు దొరికినప్పుడల్లా ఆమెను మాట మీద నిలవని మనిషిగా, కుయుక్తుల పుట్టగా దూషిస్తుంది. ఆమెను పొగడడానికి ఇష్టపడని కలం ఆమె తిన్న దెబ్బలను రాసిందంటే ఆ కబురు అప్పటికే రాజ్యమంతా తెలిసి ఉండాలి. ఇది రుజువు కాదు, ఊహే. కానీ మోంతెర్రోసోలో అతని పద్ధతి చూశాక నాకు అనుమానం కలగడం లేదు. అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ అల్-అథీర్ కూడా ఈ రాజు గురించి ఒక మాట రాశాడు. చెరపట్టిన ముస్లిం ప్రముఖుల కూతుళ్ళను ఎందుకు ఉంచుకోవని అడిగితే, యుద్ధానికి అంకితమైనవాడికి మగవాళ్ళ సాంగత్యం కావాలి గానీ ఆడవాళ్ళది కాదని జవాబిచ్చాడట. దీని ఆధారంగా అతని మనస్తత్వం గురించి పుస్తకాలకు పుస్తకాలు అల్లినవాళ్ళున్నారు. నేను అంత దూరం వెళ్ళను. శత్రువుల మధ్య కూడా అతనికి ఎలాంటి పేరుండేదో చెప్పడానికి అది చాలు.

1111 సంవత్సరం ఒక్కటీ చదివితే తల తిరుగుతుంది. ఏప్రిల్‌లో ఆరగాన్ రాజు తొలేదోను చేజిక్కించుకున్నాడు. సెప్టెంబరు 17న గలీసియావాళ్ళు కంపోస్టెలా కేథడ్రల్‌లో పిల్లవాడికి పట్టాభిషేకం చేశారు. ఆరేళ్ళ బాలుడి తలమీద కిరీటం పెట్టింది హెల్మీరెస్. అక్టోబరు 26న సెపూల్వెదా దగ్గర కందెస్పీనాలో భర్త సైన్యం, చెల్లెలి మొగుడు హెన్రీ సైన్యం కలిసి రాణి పక్షాన్ని ఓడించాయి. ఒకప్పుడు పెళ్ళికొడుకుగా అనుకున్న గోమెస్ గోన్సాలెస్ రాణి తరఫున పోరాడుతూ అక్కడే చనిపోయాడు. ఆ వెంటనే ఉర్రాకా హెన్రీని ఆశ చూపి తన వైపు తిప్పుకుంది, ఇద్దరూ కలిసి భర్తను పెన్యాఫియెల్‌లో ముట్టడించారు. ఇంతలో తెరేసా శిబిరానికి వచ్చింది. అక్కడివాళ్ళు ఆమెనూ రాణి అని సంబోధించడం మొదలుపెట్టారు. అక్క అది గమనించింది. చెల్లెలితో రాజ్యం పంచుకోవడం కన్నా మొగుడితో రాజీ పడడమే నయమనుకుని గుట్టుగా అతనితో మాటలు కలిపింది. అదే శరత్తులో వియదాంగోస్ దగ్గర ఆరగాన్ రాజు గలీసియా సైన్యాన్ని చెల్లాచెదురు చేశాడు. హెల్మీరెస్ ఎలాగో తప్పించుకుని పిల్లవాడిని తల్లి దగ్గరికి చేర్చాడు.

సన్యాసులు ఆమెను ‘మాట నిలవని ఆడది’ అనడానికి ఇవే రోజులు ఆధారం. ఒకసారి ఆమె స్థానంలో నిలబడి చూడండి. తూర్పున భర్త, పడమర కొడుకు పేరు చెప్పుకునే కౌంట్లు, నైరుతిలో చెల్లెలు, దక్షిణాన అల్మొరావిద్‌లు. సొంత సైన్యం కందెస్పీనాలో సగం పోయింది. ఏ ఇద్దరు శత్రువులు కలిసినా ఆమె పని అయిపోతుంది. అందుకే ఎప్పుడూ ఒకరితో రాజీలో ఉంటూ మరొకరితో పోరాడింది. ఇదే పని ఆమె తండ్రి తన ఇద్దరు అన్నదమ్ముల మీద చేశాడు, అతన్ని మాత్రం చతురుడన్నారు.

ఒక విషయం చాలామంది వదిలేస్తారు. ఆరగాన్ రాజును అందరూ ద్వేషించలేదు. కంపోస్టెలాలోని శాంటియాగో క్షేత్రానికి వెళ్ళే యాత్రామార్గం పొడవునా వెలసిన ఊళ్ళలో వర్తకులు, చేతిపనివాళ్ళు చాలామంది పిరనీస్ పర్వతాల అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. సహగూన్‌లో వాళ్ళ నెత్తిన మఠాధిపతి పెత్తనం ఉండేది. రొట్టె కాల్చుకోవాలన్నా మఠం పొయ్యికే వెళ్ళాలి. ఆరగాన్ రాజు వచ్చాక వాళ్ళు మఠం మీద తిరగబడి అతని పక్షం చేరారు. అతను అక్కడి మఠాధిపతిని వెళ్ళగొట్టి సన్యాసి అయిన తన తమ్ముడు రమీరోను కూర్చోబెట్టాడు. ఈ రమీరో మళ్ళీ వస్తాడు. సహగూన్ సన్యాసి ఆరగాన్ రాజును అంత ఘోరంగా తిట్టడానికి రాణి కన్నీళ్ళ కన్నా మఠం ఆదాయం పోవడమే పెద్ద కారణమని చదువుతుంటేనే తెలుస్తుంది.

1112 నుంచి 1114 వరకు కలవడం, విడిపోవడం, మళ్ళీ కలవడం సాగింది. 1113లో ఆమె బుర్గోస్ కోటలోని ఆరగాన్ దండును ముట్టడించి లొంగదీసుకుంది. 1114లో ఆరగాన్ రాజు ఆమెను విడిచిపెడుతున్నట్టు ప్రకటించాడు, బంధుత్వం పాపమన్న కారణం చూపి. ఏ కారణంతో విడవనని రాసి ఇచ్చాడో సరిగ్గా ఆ కారణంతోనే. అయిదేళ్ళయినా పిల్లలు కలగలేదు. ఉమ్మడి వారసుడు లేకపోతే ఆ పెళ్ళి వల్ల అతనికి కలిసివచ్చేదేమీ లేదు. ఆమెను వదిలాడు గానీ ఆమె రాజ్యంలో తాను పట్టుకున్న కోటలను మాత్రం వదల్లేదు.

ఇక నడవడి. గోమెస్ గోన్సాలెస్‌తో ఆమెకు సంబంధం ఉందని తరువాతి గ్రంథాలు రాశాయి. అతను చనిపోయాక పెద్రో గోన్సాలెస్ దె లారాతో ఆమె బంధం బహిరంగంగానే సాగింది, వాళ్ళకు పిల్లలు కూడా కలిగారు. ఇందులో దాపరికం లేదు, ఆమె దాచనూ లేదు. అయితే దీన్ని పెళ్ళి చెడడానికి కారణంగా చూపడం బండికి వెనక ఎడ్లను కట్టడమే. లారాతో బంధం గట్టిపడింది కాపురం ముక్కలైన తరువాత. తండ్రికి జైదా ఉంది, తెరేసా తల్లి హిమేనా ఉంది. వాటిని ఏ చరిత్రకారుడూ రాజ్యానికి అరిష్టంగా రాయలేదు. పదమూడో శతాబ్దపు గ్రంథాల దగ్గరికి వచ్చేసరికి ఉర్రాకా పరిపాలనంతా పక్కకు పోయి పడకగది ఒక్కటే మిగిలింది. మీరు చదివింది ఆ పాయలో వచ్చినదే అయి ఉంటుంది.

నాకు ముఖ్యంగా కనిపించేది ఆమె చేయని పని. 1114 తరువాత ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. లారాను కూడా. అతన్ని పెళ్ళాడితే అతను రాజవుతాడు, మిగతా కౌంట్లు తిరగబడతారు, కొడుకు వారసత్వం మళ్ళీ గాలిలో వేలాడుతుంది. ఆరగాన్ కాపురం నేర్పిన పాఠం అంత గట్టిగా ఒంటబట్టింది. లారాకు పలుకుబడి ఇచ్చింది, పిల్లలను కన్నది, సింహాసనంలో మాత్రం వాటా ఇవ్వలేదు. తన ముఖం ముద్రించిన నాణేలు వేయించింది. ఆ కాలపు స్పెయిన్‌లో స్త్రీ ముఖం ఉన్న నాణెం సామాన్య విషయం కాదు.

కొడుకుతో రాజీ మాత్రం చాలా ఆలస్యంగా కుదిరింది. 1117 వసంతంలో కంపోస్టెలా పట్టణవాసులు బిషప్ హెల్మీరెస్ మీద తిరగబడ్డారు. అప్పుడు రాణి అక్కడే ఉంది. ఇద్దరూ కేథడ్రల్ బురుజులోకి పారిపోయారు. గుంపు కింద నిప్పు పెట్టింది. రాణిని బయటికి రమ్మన్నారు, ఏమీ చేయమన్నారు. ఆమె దిగి వచ్చింది. వెంటనే మీదపడి బురదలోకి లాగారు, బట్టలు చింపేశారు, రాళ్ళు విసిరారు. ఒక ముసలామె విసిరిన రాయి చెంపకు తగిలింది. ఇవన్నీ రాసింది హెల్మీరెస్ మనుషులే. అతను బురుజులోంచి మారువేషంలో జారుకున్నాడు. ఆమె ప్రాణాలతో బయటపడింది, సైన్యంతో తిరిగి వచ్చింది, పట్టణం లొంగిపోయింది. బయటికి రావడానికి గుంపుకు ఇచ్చిన మాటలేవీ నిలబెట్టుకోలేదు. నేనైనా నిలబెట్టుకునేవాణ్ణి కాదు.

అదే ఏడాది కొడుకు పక్షంతో ఒప్పందం కుదిరింది. పన్నెండేళ్ళ పిల్లవాడు రాజు బిరుదుతో తొలేదోలో అడుగుపెట్టాడు. తల్లి పెద్ద ఏలిక, కొడుకు ఆమె వారసుడు, తొలేదోలో ఆమె ప్రతినిధి. గలీసియా కౌంట్ల చేతిలో తల్లికి ఎదురు నిలిపిన పావు అలా తల్లి పక్కకు వచ్చాడు. తెరేసా మాత్రం చివరిదాకా దారికి రాలేదు. 1117 నుంచి తానూ రాణినని రాసుకుంది. ఆ తరువాత అక్క వెళ్ళి లన్యోసో కోటలో ఆమెను ముట్టడించింది. 1126 మార్చి 8న ఉర్రాకా సల్దాన్యాలో చనిపోయింది, లారా బిడ్డను ప్రసవిస్తూనని అంటారు. కొడుకు ఏడో ఆల్ఫోన్సో పెద్ద ప్రతిఘటన లేకుండా సింహాసనం ఎక్కాడు. పదిహేడేళ్ళ అంతర్యుద్ధం తరువాత రాజ్యం ముక్కలు కాకుండా కొడుక్కి చేరింది. ఆమె ఓడిపోయిన రాణి అని రాసేవాళ్ళు దీన్ని ఎలా లెక్కేస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ చివరి ప్రశ్న: కాపురం నిలిచి ఉంటే స్పెయిన్ ఏకమయ్యేదా? నాకైతే నమ్మకం లేదు. ఆరగాన్ రాజుకు ఉర్రాకా ద్వారానే కాదు, ఎవరి ద్వారానూ పిల్లలు కలిగిన దాఖలా లేదు. విడిపోయాక అతనూ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1118లో సరగోసాను గెలుచుకున్న ఆ వీరుడు 1131లో వీలునామా రాసి తన రాజ్యాన్ని జెరూసలేంలోని మూడు మత సంస్థలకు, సన్యాసి యోధుల సంఘాలైన టెంప్లర్లకు, హాస్పిటలర్లకు, పవిత్ర సమాధి చర్చికి, రాసిచ్చేశాడు. 1134లో ఫ్రాగా దగ్గర ఓడిపోయి ఆ సెప్టెంబరులో పోయాడు. అతని ప్రజలు వీలునామాను పక్కనపెట్టేశారు. సహగూన్‌లో మఠాధిపతిగా చూసిన ఆ తమ్ముడు రమీరోను సన్యాసం నుంచి లాక్కొచ్చి రాజును చేశారు, పెళ్ళి చేశారు, ఒక కూతురు పుట్టింది. 1137లో ఆ పసిబిడ్డను బార్సిలోనా కౌంటుకు నిశ్చయం చేసి సన్యాసి తన మఠానికి తిరిగి వెళ్ళిపోయాడు. ఆరగాన్ ముఖం ఆ తరువాత కాస్టీల్ వైపు కాకుండా సముద్రం వైపు తిరిగింది.

స్పెయిన్‌ను చివరికి ఏకం చేసిన పెళ్ళితో దీన్ని పోల్చి చూడండి: 1469లో కాస్టీల్ ఇసబెల్లా, ఆరగాన్ ఫెర్నాందో పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళ వంశవృక్షం తీసి చూడండి. ఇద్దరూ కాస్టీల్ రాజు మొదటి హువాన్‌కు మునిమనవలు, రెండు వైపులా మగ సంతతి, తాతలు అన్నదమ్ములు. ఉర్రాకాకూ ఆమె భర్తకూ ఉన్న వరస సరిగ్గా ఇదే. పోప్ అనుమతి రాకముందే ఒక దొంగ అనుమతి పత్రం చూపించి పెళ్ళి జరిపించేశారు. అసలు అనుమతి రెండేళ్ళ తరువాత 1471లో వచ్చింది. అప్పుడు తొలేదో ఆర్చిబిషప్ ఆ పెళ్ళికి ఎదురు తిరగలేదు, దాన్ని కుదర్చడంలో పెద్ద చెయ్యి అతనిదే. ఇసబెల్లాకు మొదటి పెళ్ళి కొడుకు లేడు, అతని పేరు చెప్పుకుని సైన్యం నడిపే కౌంటు లేడు. పెళ్ళికి ముందు ఫెర్నాందో చేత సంతకం పెట్టించిన షరతుల్లో కాస్టీల్ కోటలూ పదవులూ కాస్టీల్‌వాళ్ళకే ఇవ్వాలని, రాణి అనుమతి లేకుండా యుద్ధానికి దిగకూడదని ఉంది.